తవిటమ్మ ఎదురు

పొద్దున్నే టీ తాగి, ఉప్పుమళ్ల గట్టు మీంచి నడుచుకుంటూ గంగులు నౌపడలో గోపి మైకుసెట్టు కొట్టుకి వస్తాడు. ఏం కావాలని గోపి అడగడు. వాళ్ల నాయన నాటి రికార్డు ఒకటి తీసి, తువ్వాలుతో తుడిచి, ముల్లు పెడతాడు. పాట కింద కరకర, ఆ కరకర కింద గంగులు పెళ్లాం తవిటమ్మ నవ్వు.

ఇందులో వింతేముంది? ఏ పందిట్లో మోగితే ఆ పందిట్లో మనుషుల్ని కాస్త అంటించుకు రావడం ఆ రికార్డులకి అలవాటే. ఇది గంగులు పెళ్లిలో మోగింది.

తవిటమ్మ పోయిన ఏడాది జొరంతో పోయింది. అప్పట్నుంచి గంగులు చేపల వేటకెళ్లలేదు. పెళ్లాం ఎదురు రాకుండా పడవ తొయ్యడం వాళ్ల ఇంటా వంటా లేదు. పోనీ నేనొస్తానురా అని అక్క బుల్లమ్మ బతిమాలినా వినలేదు, మొండిఘటం. చివరికి పడవ అమ్మేసి చెన్నై రేవులో కూలికి పోతానని మాటిచ్చేశాడు. కొనేవాడు మర్నాడే వస్తాడు.

ఆ సంగతి గోపికి తెలిసింది. చెన్నైలోనూ విననీ పాపం అనుకుని, పాటని కంప్యూటర్లోకి ఎక్కించి, కూర్చుని కరకరంతా ఏరేసి గంగులు ఫోన్లో వేసిచ్చాడు. ఎంత బాగా వచ్చిందనీ! ఇన్నాళ్లూ వినబడని తబలా కూడా ఖంగుమంది. గంగులు ఫోను చెవికి ఆనించుకుని ఆఖరిదాకా విన్నాడు.

"పాట శుభ్రంగా ఉన్నాది గోపీ. తవిటి నేదు."

గోపి నాలిక్కరుచుకున్నాడు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరితే, పోయింది మనిషే.

మర్నాడు తెల్లారేసరికి ఆటోలో రికార్డుతో సహా మైకుసెట్టంతా ఒడ్డుకి పట్టుకొచ్చేశాడు. పోయేముందు నీ పడవ పక్కనే ఒక్కసారి విను అన్నాడు గంగులుతో. కొనేవాడు వచ్చి పడవ అంచు తడిమి చూసుకుంటున్నాడు. పాట మొదలైంది. నవ్వు దగ్గరికొచ్చేసరికి ముల్లు ఇరుక్కుంది. అదే నవ్వు, మళ్లీ అదే నవ్వు. గోపి చెయ్యి చాపేలోగా నవ్వు ఆగి, అదే గొంతు పలికింది.

"ఎదురొస్తన్నాను. ఎల్లు మావా."

ఒడ్డున చేపల తట్టలు సర్దుకుంటున్న ఆడవాళ్లు లేచి, మనిషి నడిచొచ్చేంత దారి వదిలి అటూ ఇటూ జరిగారు. బుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంగులు కళ్లు తుడుచుకుని వల భుజాన వేసుకున్నాడు. పడవ ఒక్కడి వల్ల కదలదు కదా. కొనడానికొచ్చినవాడు చొక్కా విప్పి, ఇసకలో పెట్టి, రెండోవైపు భుజం ఆనించాడు.