పోతమ్మ కూతురి మొక్కు

సుధారాణికి చేపలు మానెయ్యడం కష్టం కాలేదు. పాలూ గుడ్లూ మానెయ్యడమూ కష్టం కాలేదు. మానేసినందుకు కనబడ్డ ప్రతివాళ్లకీ సంజాయిషీ చెప్పుకోవడంతోనే ప్రాణం విసిగిపోయింది.

గాజువాకలో బట్టల షాపులో బిల్లింగు కౌంటరు దగ్గర పొద్దంతా నిలబడే ఉద్యోగం ఆమెది. భోజనాల వేళ క్యారేజీ మూత తీస్తే చాలు, పక్క కౌంటరు ఆశాజ్యోతి తొంగిచూసేది.

"సేపలు మానేసావ్, సరే. గుడ్డు కూడా నేదా? పోనీ పెరుగేటి సేసిందే నీకు?"

మొదట్లో సుధారాణి ఓపిగ్గానే చెప్పేది. గేదె పాలు దాని దూడకోసమని చెప్పేది. కంచరపాలెంలో కాపురమున్నప్పుడు, చచ్చిపోయిన దూడ తోలులో గడ్డి కుక్కి గేదె ముందు నిలబెట్టి పాలు పిండటం కళ్లారా చూసిందనీ, అప్పట్నుంచి టీ చుక్క కూడా గొంతు దిగడం లేదనీ చెప్పేది. మరి బలమెలాగంటే ఉలవలు, సెనగలు, పప్పులు, వేరుశనగలు. ఎముకలకి రాగులూ నువ్వులూ. బి-ట్వెల్వ్ మాత్రం వీటిల్లో దొరకదు కాబట్టి బిళ్ల వేసుకుంటానని బ్యాగులోంచి తీసి మరీ చూపించేది.

"మొక్కలకి మాత్రం పేణం నేదేటమ్మా?" అనేవాడు సూపర్‌వైజరు పోలిరాజు పళ్లు కుట్టుకుంటూ. లోకంలో ఆ సంగతి మొట్టమొదట తనకే తట్టినట్టు!

"ఉంటే ఉందనుకోండి సార్. నాను తినేది గుప్పెడు. కోడినీ గేదెనీ పెంచాలంటే దానికి ఎన్నో రెట్లు మేత కొయ్యాల గదా," అనేది సుధారాణి.

ఆయన నవ్వేసి పోయేవాడు. మర్నాడు మళ్లీ అదే అడిగేవాడు. తెలుసుకోవాలని అడిగేవాళ్లకైతే ఒకసారి చెబితే సరిపోతుంది. వీళ్లకి ఆమె ఎప్పుడు ఓడిపోతుందా చూద్దామని సరదా.

ఇంటికొస్తే అదింకో కోర్టు. పెళ్లి పెటాకులై, హార్బరు దగ్గర జాలరిపేటలో పుట్టింటికొచ్చి చేరిందామె. తల్లి పోతమ్మ హార్బరులో చేపలమ్ముతుంది. అన్న కన్నబాబు బోటు మీద వేటకెళ్తాడు. వేట నుంచి రాగానే బోటువాళ్లకి ఇంటికింతని కూరకి చేపలు పంచుతారు. కన్నబాబు తన వాటా ఏనాడూ తల్లి చేతికివ్వలేదు, చెల్లెలి చేతికే ఇచ్చేవాడు. ఆమె మానేశాక గుమ్మంలో పడేసి పోవడం మొదలెట్టాడు. ఒక్కసారి మాత్రం అడిగాడు.

"అయితే మా బతుకు పాపమంతావా?"

పాలకీ గుడ్డుకీ గడగడా జవాబు చెప్పే మనిషి, ఆ చేపలెత్తి తల్లి గంపలో వేసి లోపలికెళ్లిపోయింది. ఆ రోజు నుంచి అన్న ఆమెతో మాట్లాడటం మానేశాడు.

ఇలా ఉండగా, వేసవిలో వేట మీద పెట్టే నిషేధం ఎత్తేశాక వెళ్లిన తొలి వేటలోనే వాయుగుండం పట్టింది. కన్నబాబు బోటు రావలసిన రోజుకి రాలేదు. ఫోన్లు కలవలేదు. ఒడ్డున ఆడవాళ్లంతా గుండెలు చిక్కబట్టుకుని కూర్చుని ఉంటే, పోతమ్మ ఏడుస్తూ అనేసింది.

"మన బోటుకేటీ కాదు! నా కూతురు అన్న కోసమే నీసు మానేసింది. అమ్మోరికి మొక్కుకుంది. పాలసుక్క కూడా ముట్టట్నేదు!"

మర్నాడు బోటు వచ్చింది. ఇంజిను చెడిపోతే ఇంకో బోటువాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. ఆ తాడు సంగతి ఎవరికి కావాలి?

అంతే, పేట మొత్తం సద్దుమణిగింది. మగవాడు సముద్రం మీదుంటే ఇంట్లో ఆడది ఏదో ఒకటి మానుకోవడం అక్కడ అందరూ ఎరిగినదే. మొక్కుని ఎందుకని ఎవరూ నిలదియ్యరు. రోజూ దెప్పిపొడిచే ముసలమ్మలు కొళాయి దగ్గర ఆమె బిందెని ముందుకు జరిపారు. కన్నబాబైతే కళ్లనీళ్లు పెట్టుకుని, "నాతో ఒక్క ముక్క సెప్పొచ్చు గదే," అని చెల్లెలి పక్కన కూర్చుని అన్నం తిన్నాడు.

మొక్కూ లేదు, ముడుపూ లేదని చెప్పేద్దామని సుధారాణికి నోటిదాకా వచ్చింది. కానీ ఇంట్లో ప్రశాంతంగా ముద్ద దిగి ఎంతకాలమైందో! ఉన్నమాట చెప్పాలంటే, ప్రాణానికి హాయిగా ఉంది. ఊరుకుంది.

పక్కింటి నూకాలు చంటిపిల్ల తల్లి. మొగుడు సింహాద్రిదీ అదే బోటు. ఇంజిను బాగుచేయించుకుని మగవాళ్లు మళ్లీ వేటకెళ్లారు. కొన్నాళ్లకి ఒక సాయంత్రం, సుధారాణి బస్సు దిగి కాళ్లీడ్చుకుంటూ సందులోకొచ్చేసరికి, నూకాలు కొళాయి దగ్గర తల పట్టుకుని కూలబడి ఉంది. ఒళ్లో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఓలమ్మా, ఏటయ్యిందే?"

"కళ్లు తిరుగుతన్నాయప్పా. పిల్లకి పాలు కూడా పడట్నేదు." నూకాలు నీరసంగా నవ్వింది. "నాను కూడా నీలాగే మొక్కు పట్టాను."

"మరేం తింటన్నావ్?"

"గంజి. ఇంత ఊరగాయ. నువ్వు తిన్నట్టే."

సుధారాణి బ్యాగు అక్కడే పడేసింది. తను వదిలేసినవేమిటో పేటంతా గుర్తుపెట్టుకుంది గాని, తన కంచంలో ఏముంటుందో ఒక్కరూ చూడలేదు. గబగబా ఇంట్లోకెళ్లి ఉడికించిన సెనగలూ, పప్పన్నమూ తెచ్చి ముందు పెట్టింది. నూకాలు ముట్టుకోలేదు.

"మొక్కులో ఉండగా కడుపునిండా తినకూడదంట గదా. మీ యమ్మే సెప్పింది."

సుధారాణి నోరు తెరవబోయేలోపే పోతమ్మ వెనకనుంచి వచ్చి జబ్బ పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయింది.

"నోరు ముయ్యి! మగోళ్లు ఏట మీదున్నారు. ఇప్పుడు మొక్కు నేదంటే ఆ గుంట గుండాగి సస్తాది. మీ అన్న మళ్లీ నీ మొహం సూడడు."

"సంటిదానికి పాలు నేవమ్మా!"

"బోటొచ్చేదాకా ఓపిక పట్టవే."

బోటొచ్చేదెప్పుడు? అప్పటిదాకా ఆ పసిది ఏం తాగాలి? సుధారాణి గోడకి చేరగిలబడింది. కాస్త నెమ్మది దొరికింది, అదీ పోతుంది. అన్న మళ్లీ మాట మానేస్తాడు. అందరికీ మళ్లీ మొదట్నుంచీ సంజాయిషీలు. అబ్బా, ఒక్క పూట నన్ను నా మానాన వదిలెయ్యరు గదా అనుకుంది. పసిదాని ఏడుపు ఆగడం లేదు. తల్లి చెయ్యి విడిపించుకుని బయటికొచ్చింది.

"నూకాలూ, నాకే మొక్కూ నేదు. ఎప్పుడూ నేదు. మా యమ్మ బెంగతో అనేసింది. నాకు తినాలని నేక మానేసాను, అంతే."

కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు వదిలేసి చుట్టూ చేరారు. నూకాలు మొహం పాలిపోయింది.

"నాను తినాలని అలగంతన్నావ్. నాకు తెలుసప్పా."

"నీ మీదొట్టు."

"అయితే నువ్వు తిను," అంది నూకాలు. "నా ముందర ఒక్క ముద్ద సేప తిను. మొక్కే నేకపోతే బోటుకేటీ కాదు గదా. నువ్వు తింటే నానూ తింటాను."

సుధారాణి తల్లి వైపు చూసింది. పోతమ్మ తల తిప్పుకుంది.

పోతమ్మ గంపలో అమ్మగా మిగిలిన సొరచేప ముక్కలున్నాయి. బాలింతకి పాలు పడాలంటే పేటలో సొరపుట్టు కూరే పెడతారు. సుధారాణే ఉడకబెట్టి, తోలు వలిచి, పొడిపొడిగా చిదిమి, ఉల్లిపాయా వెల్లుల్లీ వేసి వేయించింది. ఆ వాసనకి మొహం పక్కకి తిప్పుకున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. అన్నంలో కలిపి, అందరూ చూస్తుండగా మొదటి ముద్ద తన నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

రెండో ముద్ద నూకాలు నోటికందించింది. నూకాలు వెక్కుతూ తింది. ఆకలి మీదుందేమో, గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది.

అందరూ వెళ్లాక పోతమ్మ మొహం వెలిగిపోతూ ఇంట్లోకొచ్చింది. కూతురి బుగ్గలు నిమిరింది.

"పోనీలే, తిన్నావు గదా, అదే పదివేలు. రేపు వంజరం తెస్తాను. నీకిష్టం."

"వొద్దమ్మా. అది నూకాలు కోసం తిన్నాను. ఇంక తినను."

"మొక్కు నేదంటివి. నలుగురి ముందూ తింటివి. ఇంకా అడ్డమేటే నీకు?"

"అడ్డమేటీ నేదు. నాకే వొద్దు."

పోతమ్మ చేతులు కిందికి జారాయి. గచ్చు మీద కూర్చుండిపోయింది.

"ఆ మొక్కు మాట పేటోళ్ల కోసమన్నాననుకున్నావా? నాకోసమన్నానే. మొక్కయితే ఎప్పటికైనా తీరతాది గదా అని." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అయితే నిజంగానే మా సేప నీకొద్దన్నమాట."

"మీరు కావాలమ్మా. సేపే వొద్దు."

పోతమ్మ రెండు చేతులూ కూతురి మొహం ముందు చాపింది. వేళ్లనిండా కత్తిగాట్లు, గోళ్ల సందుల్లో పొలుసులు.

"ఈ రెండూ యేరేరని నీకెవుడు సెప్పాడే?"

సుధారాణి ఆ చేతులకేసి చూసింది. ఇంకో సంజాయిషీ వెతికే ఓపిక లేదు. తల్లి పక్కనే గచ్చు మీద చతికిలబడింది.