సుకుమార్ నీడ ఆడిన చోటు

సాయంత్రం నాలుగయ్యేసరికి నిడదవోలు గ్రౌండులో సుకుమార్ నీడ ఆటకు దిగేది. ఆ వేళకి సుకుమార్ పక్కనే ఉన్న ఫుట్‌బాల్ అసోసియేషన్ గదిలో, ఫ్యాను కింద సర్టిఫికెట్ల మీద సంతకాలు పెడుతూ ఉండేవాడు. పన్నెండేళ్లు కలకత్తా క్లబ్బులో గోల్స్ కొట్టి, మోకాలు పాడై ఇంటికొచ్చి, ఈ గ్రౌండులోనే వీడ్కోలు మ్యాచ్ ఆడాడు. ఆట అయ్యాక అతను బయటికొచ్చాడు, నీడ రాలేదు. ఊళ్లో ఎవరూ దాన్ని పెద్ద విషయం చేయలేదు. కోతల రోజుల్లో గ్రౌండంతా ధాన్యం ఆరబోసుకునే రైతు భీమరాజు కూడా గోల్ ముందు జాగా మాత్రం వదిలేసేవాడు.

"సుకుమార్ గారి నీడ ఆడుకోవాలి కదండీ" అనేవాడు.

ఆ నీడ కొట్టే బంతిని ఆపగలిగేది ఒక్క వినీలే. పొలం పనులకెళ్లే సంపూర్ణమ్మ కూతురు, పదహారేళ్ల గోల్‌కీపర్. మూడేళ్లుగా రోజూ ఆ నీడతోనే ప్రాక్టీసు. రాష్ట్ర జూనియర్ జట్టు క్యాంపుకి జిల్లా నుంచి ఒక్క గోల్‌కీపర్‌నే పంపుతారు. ఈ ఏడు తప్పితే ఆమెకి వయసు దాటిపోతుంది.

అసోసియేషన్‌కి జిల్లా సెక్రటరీ అయిన రోజున సుకుమార్ ఆమెతో, "నేనున్నాను కదమ్మా" అన్నాడు. సెక్రటరీ అంటే శాలువాలు కప్పించుకునే ఉద్యోగమని పాపం అతనికి అప్పటికింకా తెలీదు.

లిస్టు పంపాల్సిన రోజు అసోసియేషన్ ప్రెసిడెంట్ తాతాజీ గారు వచ్చి కూర్చున్నారు.

"గోల్‌కీపర్ దగ్గర మా మనవరాలి పేరు రాసేయండి, సుకుమార్ గారూ."

"అమ్మాయికి గ్లోవ్స్ తొడుక్కోవడం కూడా సరిగ్గా రాదండీ."

"క్యాంపులో నేర్పుతారు లెండి. ఆడే పిల్లల కోసం మీరడిగిన హాస్టల్ సంగతి వచ్చే మీటింగులో నేనే పెడతాను. ఒక్క పిల్ల కోసం అంత పనీ చెడగొట్టుకుంటారా ఏంటి?"

హాస్టల్ వస్తే ఇలాంటి పిల్లలు ఇరవై మంది పైకొస్తారని సుకుమార్ తనకి తానే నచ్చజెప్పుకున్నాడు. సంతకం పెట్టాడు. పెట్టగానే తన మీద తనకే అసహ్యం వేసింది.

బయట పెనాల్టీ కొట్టబోతున్న నీడ ఆగిపోయింది. బంతిని అక్కడే వదిలేసి, గీత దాటి, మెట్లెక్కి గదిలోకొచ్చి, సుకుమార్ కాళ్లకి అంటుకుంది. అతనితో పాటే కుర్చీలో కూర్చుంది.

దాని వెనకే వినీల బల్ల దాకా వచ్చింది. బల్ల మీదున్న లిస్టులో తన పేరు లేకపోవడం చూసింది.

"సార్, రేపట్నుంచి నాకు బాల్ ఎవరు కొడతారండీ?"

సుకుమార్ లేవబోయాడు. నీడ బరువుకి కాళ్లు కదల్లేదు.

హాస్టల్ రాలేదు. వేసవిలో దాళ్వా వరి కోతలకి భీమరాజు గోల్ ముందు జాగా కూడా వదలకుండా ధాన్యం ఆరబోశాడు. తిరగేయడానికి కూలికొచ్చింది వినీల. ఈ గోల్ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా, పాదాలతో గింజలు తిరగేస్తూ పొద్దుగూకే దాకా నడిచింది. సుకుమార్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.