మడతలో చీలిన పట్టు

విమానాలు ఎగిరే ముందు వంతు కోసం నిలబడే చోట, సంజీవప్ప మోకాలూని తారును అరచేత్తో తడిమాడు. సోమందేపల్లి మనిషి, ముప్పై ఏళ్లుగా రోడ్డు కూలీయే బతుకు.

"మేడమ్మా, ఈడ నేల కుంగిండాది. ఈడ గూడా తవ్వి సూడండి."

పెనుకొండ దగ్గరి ఆ సరుకు విమానాశ్రయంలో నేల ఎక్కడ బలహీనపడిందో తేల్చవలసిన ఇంజనీరు హేమావతి. ఆమెకిది మొదటి సర్వే. కూలీలందరి ముందూ నవ్వింది.

"ఏమప్పా, విమానం పైనుంచి దిగి గుద్దేది ఆడ! ఈడ ఊరికే నిలబడుకుంటాది. నిలబడితే నేల కుంగుతాదా? అట్లయితే నువ్వు నిలబడిన చోటంతా గుంతలే!"

అందరూ నవ్వారు. చేతుల దుమ్ము దులుపుకుంటూ సంజీవప్పా నవ్వాడు. నమూనాలన్నీ విమానాలు దిగే చోటే తీశారు. హిందూపురం ల్యాబులో అన్నీ గట్టిగానే తేలాయి. ఎక్కడా లోపం లేదని నివేదిక రాసుకుని, సోమవారం పంపుదామనుకుని, హేమావతి ధర్మవరంలో ఇల్లు చేరింది.

ఆదివారం రంగనాయకమ్మ అవ్వ పెట్టెలోని పట్టుచీరలకు మడతలు మారుస్తోంది.

"ఆ కొస పట్టుకో పాపా."

విప్పేసరికి మడత గీత వెంట పట్టు జానెడు చీలి ఉంది.

"ఒక్కసారీ కట్టలేదు కదవ్వా, ఎట్ల చినిగె?"

"కట్టింటే చినిగేది కాదు. కదలకుండా ఒకే మడత మీద పడుండె. పై చీరల బరువంతా దాని మీదే. నేసేటోళ్ల ఇంట్లో పుట్టినావు, ఇదీ తెల్దా?"

తెలుసు. అదే ఆమెను కోసింది. దిగే విమానాన్ని రెక్కలింకా కొంత మోస్తూనే ఉంటాయి. ఇంధనం నిండా నింపుకుని నిలబడిన విమానం మాత్రం తన బరువంతా ఆ కొద్ది చక్రాల కింద నేలకే వదిలేస్తుంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మాటే. పుస్తకం చెబితే పాఠమైంది. కాయలు కాచిన చెయ్యి చెబితే పరిహాసమైంది. చీర కొస పట్టుకున్న హేమావతి అవ్వ ముఖం చూడలేకపోయింది.

సోమవారం నివేదిక పంపలేదు. పెనుకొండ వెళ్లి, టీ తాగుతున్న కూలీల మధ్య నిలబడింది. అందరి ముందూ నవ్వింది. అందరి ముందే అనాలి.

"సంజీవప్పా, నీ మాటే నిజం. తప్పు నాది. ఆ చోటు చూపించు."

"ఏమి మేడమ్మా," డ్రిల్లు నడిపే కుళ్లాయప్ప అందుకున్నాడు, "మావోడు నిలబడిన చోట గుంత పడెనా?"

డ్రిల్లు పైకి తెచ్చిన నమూనా అడుగు పొర ఆమె దోసిట్లో పొడి పొడిగా రాలింది. సంజీవప్ప చూశాడు, చేతుల దుమ్ము దులుపుకున్నాడు. ఒక్క మాట అనుంటే బాగుండునని హేమావతికి అనిపించింది.