నిద్రపోని సోయా చేను

కురబలకోట జ్ఞానమ్మ మదనపల్లెలో ముప్పై ఏళ్లు ఆసుపత్రి ఆయాగా చేసి, రిటైరయ్యాక అరెకరంలో సోయాబీన్ వేసింది. అవతలి గట్టు వైపు చెట్లు బుద్ధిగా ఊదారంగు పూత పెట్టాయి. రోడ్డు వైపువి మాత్రం వీధిదీపం కింద ఆమె భుజాల దాకా ఎదిగాయి గానీ ఒక్క పువ్వూ లేదు.

వ్యవసాయాధికారి గౌతమ్ చేనునూ స్తంభాన్నీ మార్చి మార్చి చూశాడు. "సోయాకు పగలు ఎండ, రాత్రి నిండు చీకటి ఉండాలమ్మా. ఈ లైటుకు ఇంకా పొద్దు గుంకలేదనుకుంటాండాది."

"నిద్రలేక పిచ్చిగా పెరగతాండాదన్న మాట," అంది జ్ఞానమ్మ. రోగులను జోకొట్టి పండబెట్టిన మనిషికి ఇది తన పనే అనిపించింది.

ఆ దీపం ఆర్పమని ఆమె అడిగితే, కరెంటాఫీసులో గుమాస్తా మునికుమార్ కంప్యూటరంతా వెదికాడు. "లైటు వెలగలేదంటే రాసుకుంటామమ్మా. వెలగతాండాదని రాసేదానికి ఈడ చోటే లేదు."

"అయితే వెలగలేదనే రాయప్పా. వచ్చినోళ్లతో నేను మాట్లాడుకుంటా."

ఆమె చర్చికి పోయిన పూటే వాళ్లు వచ్చి, రెండింతల దీపం బిగించి పోయారు. గట్టు వైపు చెట్లు కూడా పూత ఆపేశాయి. అంతలో ఫోనొచ్చింది: సమస్య తీరితే ఒకటి, తీరకుంటే రెండు నొక్కమని. జ్ఞానమ్మ కోపంగా రెండు నొక్కింది. మర్నాడు అదే స్తంభానికి ఇంకో దీపం వేలాడింది.

ఆమె నేరుగా పాస్టరు శాలేము రాజు దగ్గరికి పోయి క్రిస్మస్ నాటకం నల్లతెరలు అడిగింది.

"యాలమ్మా?"

"సేనును పండబెట్టాలప్పా."

అక్క కూతురు ప్రిస్కిల్లా సాయంతో వెదుళ్లు పాతి, ఆరింటికి తెర లాగడం, తెల్లారి తీయడం మొదలుపెట్టింది. మొదటి సాయంత్రం పాస్టరు అలవాటు కొద్దీ ప్రార్థన చేస్తే చూడవచ్చిన జనం గుసగుసగా ఆమెన్ అన్నారు. పుంగనూరు బస్సు డ్రైవరు అక్కడ హారన్ కొట్టడం మానేశాడు.

ఇరవయ్యో రోజున తొలి పూత కనబడింది. ఆ వారమే ఒక రాత్రి తనిఖీకొచ్చిన కరెంటాఫీసరు తెరలను చూసి, ఈ ఊరికి వెలుతురు అక్కర్లేదని రాసుకుని, దీపాలు రెండూ విప్పించి రామసముద్రం పంపించేశాడు.

ఆలస్యంగానైనా చేనంతా కాయ పట్టింది. జ్ఞానమ్మ ఒక గిన్నెడు ఉడకబెట్టి, ఉప్పు చల్లి, బస్సాపి డ్రైవరు చేతిలో పెట్టింది.

"ఇంక హారన్ కొట్టుకోప్పా," అంది.