హాజరు, బకెట్‌తో

"ఈ ఆదివారం నువ్వు పనికి పోనక్కర్లేదులే, నేను వెళ్తా," అన్నాడు విదల్, అద్దంలో మీసం చూసుకుంటూ.

సబీనా ఇస్త్రీ ఆపలేదు. అతని తెల్లచొక్కా కాలరు మీద పెట్టె మరోసారి తిప్పింది. ఈ పదకొండేళ్ళలో ఆ మాట అతని నోట రావడం ఇదే మొదలు. ఇన్నేళ్ళూ రానిది ఇవాళ ఎందుకొచ్చిందో ఆమెకు తెలుసు, రెతామా కొండ మీద ప్రతి ఇంటికీ తెలుసు. ఇవాళ పేర్లు ఖాయం చేస్తారు. ఇవాళ హాజరు పలికిన పేరే మునిసిపాలిటీకి వెళ్తుంది. ఏ పేరు వెళ్తే ఆ పేరు మీదే ఇంటి కాయితం వస్తుంది.

"నువ్వు వంటవాళ్ళతో వచ్చెయ్. మధ్యలో తల దూర్చకు. ఇంతకీ అక్కడ నేనేం చెయ్యాలి?"

"పేరు పిలుస్తారు," అంది సబీనా.

ఇంకో ముక్క కూడా చెప్పాలని నోరు తెరిచింది. అంతలో విదల్ చొక్కా తొడుక్కుని బయటికి నడుస్తూ, గడప దగ్గరున్న బకెట్ కాలికి తగిలితే పక్కకు తన్నాడు. "దీన్నెప్పుడూ దారికడ్డంగానే పెడతావేం?" అన్నాడు. ఆమె నోరు మూసుకుంది. పిడికి పాతగుడ్డ చుట్టిన ఆ బకెట్ పదకొండేళ్ళుగా అక్కడే ఉంది. అది దేనికో ఇంట్లో మనిషికి ఇంకా చెప్పాలా?

అతను తిరిగొచ్చి మూడు వారాలైంది. అంతకు ముందు పద్నాలుగు నెలలు కింద బజారు వీధిలో నోయెమీ అనే ఆవిడ దగ్గర ఉన్నాడు. కొట్టుకెళ్ళి సిగరెట్ పెట్టె తెచ్చుకున్నవాడిలా లోపలికొచ్చి, సంచీ మూలన పడేసి, మంచమెక్కాడు. మర్నాడు టిఫిను తింటూ, వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పాడు. "కాయితం రాగానే అమ్మేస్తా. కొనేవాడు రెడీగా ఉన్నాడు. నోయెమీ వాళ్ళ ఊళ్ళో కొట్టు పెట్టుకుంటాం. నీకూ ఏదో ఒకటి చూస్తాలే." ఆ 'ఏదో ఒకటి' అన్న మాట దగ్గర సబీనా గిన్నెలు కడుగుతున్న చేయి ఆగింది. మళ్ళీ కడిగింది. కడక్కపోతే ఎవరు కడుగుతారు?

పదకొండేళ్ళ కిందట నాలుగు తుంగచాపలూ, ఒక దుప్పటీ పట్టుకుని ఈ ఇసకకొండ ఎక్కినప్పుడు, పుస్తకంలో పద్నాలుగో స్థలం ఎదురుగా విదల్ పోమా అని రాశారు. ఇంటికి పెద్ద మగాడు కాబట్టి మగాడి పేరు. అప్పుడెవరూ దాన్ని తప్పనుకోలేదు, సబీనా కూడా అనుకోలేదు. ఆదివారం ఆదివారం ఇంటికొక మనిషి వచ్చి కొండ పని చెయ్యాలి. మొదటి రెండు వారాలూ విదల్ వెళ్ళాడు. మూడో వారం నడుం పట్టేసిందన్నాడు. "నువ్వెళ్ళు. నా పేరు పిలిస్తే నువ్వు పలుకు. ఇద్దరం ఒకటే కదా," అన్నాడు. అప్పట్నుంచీ ఆ నడుం ఆదివారం పొద్దున ఏడింటికి పట్టేస్తుంది, మధ్యాహ్నం ఫుట్‌బాల్ మొదలయ్యేసరికి వదిలేస్తుంది.

మొదటిసారి "హాజరు" అని ఆమె గొణిగినప్పుడు కొండంతా గొల్లున నవ్వింది. "ఏం విదలూ, తెల్లారేసరికి జడలొచ్చేశాయే!" అన్నారెవరో. ఆ పేరు ఆమెకు అంటుకుపోయింది. విదలూ, ఆ రాయి ఇటందుకో. విదలూ, నీ బిందె నిండింది. తనూ నవ్వేది. కొండ మీద సగంమందికి ఆమె అసలు పేరు తెలియదు. ఒక్కోసారి బస్సులో ఎవరైనా వెనక నుంచి "సబీనా" అని పిలిస్తే తిరిగి చూడ్డానికి ఆమెకే ఒక క్షణం పట్టేది. దాని గురించి ఎప్పుడూ ఏడవలేదు, తీరిక లేక.

ఆ పేరుతోనే రెండొందల పద్నాలుగు మెట్లకు రాళ్ళు మోసింది. కింద ఎండిన వాగులోంచి ఆడవాళ్ళు వరసగా నిలబడి చేతుల మీదుగా రాళ్ళు అందించేవాళ్ళు. మగాళ్ళు దారం పట్టుకుని వంకర ఉందేమో చూసేవాళ్ళు, వంకర ఉందని చెప్పేవాళ్ళు. పని అయ్యాక వాళ్ళు సీసా చుట్టూ కూర్చుంటే ఆడవాళ్ళు కుండ చుట్టూ చేరేవాళ్ళు. నీళ్ళ పైపుకి గాడి తవ్వడం, ఉమ్మడి వంటకి వంతులు, దొంగల భయానికి ఈలలు పట్టుకుని కాపలా, పిల్లల బడికి అడ్డుగోడ, అన్నిట్లో పద్నాలుగో స్థలం హాజరే. రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండూ మెట్లు కట్టిన ఏళ్ళే. డాక్టరమ్మ "బరువులెత్తావా?" అని అడిగితే విదల్ పక్కనే కూర్చుని, "అబ్బే, మా ఆవిడకంత కష్టం ఏముందండీ," అన్నాడు.

వారంలో మిగతా ఆరు రోజులూ ఆమె కింద ఊళ్ళో ఒక అపార్ట్‌మెంటులో బట్టలుతికి ఇస్త్రీ చేస్తుంది. ఆ ఇంటావిడ మొన్నొకసారి పట్టుజాకెట్ పట్టుకుని వచ్చింది. "చూడు, నీ వేళ్ళు తగిలి పోగులెలా లేచాయో. ఆదివారం కూడా ఏం చేస్తుంటావసలు? చేతులకేమైనా రాసుకోరాదూ?" అంది. సబీనా రాసుకుంటానంది. ఇంట్లో అదే మాట వేరే రకంగా వినిపిస్తుంది. "ఇసక పేపరులా ఉన్నాయే నీ చేతులు," అనేవాడు విదల్, అటు తిరిగి పడుకుంటూ.

వీటన్నిటి మీదా మన్ను కప్పేసింది గానీ, అమ్మ సంగతి ఒక్కటి కప్పలేకపోయింది. నాలుగేళ్ళ కిందట శుక్రవారం కబురొచ్చింది. ఊరు ఆయకూచో అవతల, బస్సులో పద్నాలుగు గంటలు. ఆదివారం ఖననం. అంతకు ముందు రెండు వారాలూ జ్వరంతో పడి ఉండి పనికి వెళ్ళలేదు. వరసగా మూడో గైర్హాజరు పడితే స్థలం ఖాళీ అయినట్టే, కొండ సంఘానిది అయిపోతుంది. "నువ్వొక్క ఆదివారం వెళ్ళి పలకరాదూ?" అని మొదటిసారీ చివరిసారీ అడిగింది. "నా నడుం సంగతి తెలిసే అడుగుతున్నావా? అక్కడ మీ అన్న ఉన్నాడుగా, నువ్వెళ్ళి చేసేదేముంది? మానేస్తే పోయేది నా పేరు," అన్నాడు. ఆ ఆదివారం మంచుతుంపరలో మట్టి తవ్వుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, అన్న మట్టి వేస్తున్న చప్పుడు వింది. హాజరు రాసే పెద్దాయన దోన్ ఎలీసియో పుస్తకం మూసే ముందు ఆమెకేసి చూసి, ఆ రెండు జ్వరపు వారాలనీ కూడా హాజరుగా దిద్దేశాడు. జాలిపడే చేశాడు పాపం. అలా విదల్ పేరుకి మచ్చన్నదే లేకుండా పోయింది.

నిరుడు కొండ వార్షికోత్సవానికి ఆయనే మైకులో ప్రకటించాడు. ఒక్క ఆదివారం మానని పొరుగువాడు విదల్ పోమా. బహుమతి ఒక ఉన్ని దుప్పటి. విదల్ అప్పటికి నోయెమీ ఇంట్లో ఉన్నాడు. దుప్పటి సబీనా అందుకుంది, చప్పట్లు కొట్టారు. ఇప్పుడు అది అతనే కప్పుకుంటున్నాడు.

మొన్న గురువారం ఆమె దోన్ ఎలీసియో ఇంటికి వెళ్ళింది. కొండ సంఘం కార్యదర్శి ఆయనే, డెబ్భై దాటినవాడు, అక్షరం గుండ్రంగా రాస్తాడు. అంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"పుస్తకంలో ఉన్నదే నేను చదవాలి, తల్లీ."

"అందులో ఉన్నది నేనేగదండీ."

"నాకు తెలియదా? నువ్వొక్కదానివేనా? మారుహా మొగుణ్ణి ఎప్పుడైనా రాయి పట్టుకోగా చూశావా? సగం కొండ హాజరు ఆడాళ్ళ గొంతులోనే ఉంది. ఒక్క వరస తప్పని నేనే రాస్తే, పుస్తకమంతా తప్పేనని ఆఫీసువాళ్ళు అవతల పారేస్తారు. అప్పుడు మూడొందల ఇళ్ళలో ఒక్కరికీ కాయితం రాదు. నన్ను చెయ్యమంటావా ఆ పని?"

చెయ్యమనలేకపోయింది. మూడొందల ఇళ్ళలో మూడొందల పొయ్యిలూ ఆమెకు తెలుసు.

"పోనీ, పలకనివాళ్ళ సంగతేంటండీ?"

"పిలిచే పద్ధతి ఎప్పటిదే. మూడుసార్లు పిలుస్తా. పలక్కపోతే ఈసారి ఒక్క గైర్హాజరుకే స్థలం ఖాళీ, కొండది. కొత్త పేర్లుంటే చివర్న రాసుకుంటాం, పైన ఎక్కడో ఇసకలో చోటిస్తాం. మళ్ళీ మొదటి ఆదివారం నుంచి లెక్క." ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు. పలికెయ్. ఆ తర్వాత మీరూ మీరూ చూసుకోండి."

వెనక్కి మెట్లెక్కుతూ ఆమె ఆలోచించింది. తను ఎంత బుద్ధిగా వెళ్ళిందో అతనికి అంత గట్టి సాక్ష్యం తయారయింది. ఒళ్ళు బద్ధకించి నాలుగు వారాలు ఎగ్గొట్టినా బావుండేదేమో. తన మంచితనమే తనని ఇంట్లోంచి గెంటుతోంది. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. మోకాళ్ళు నొప్పి పెట్టాయి. నలభై తొమ్మిదేళ్ళొచ్చాయి.

ఆదివారం సంఘం ఇంటి ముందు మంచు పట్టేసి, పది అడుగుల అవతల మనిషి కనబడ్డం లేదు. రేకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఇవాళ పని చివరి ఐదు మెట్లకి సిమెంటు పూత. మగాళ్ళు ముందు వరసల్లో, ఆడవాళ్ళు పక్కన కుండల దగ్గర. సబీనా గరిటెలన్నీ బకెట్‌లో వేసుకుని తెచ్చింది. విదల్ అందరికంటే ముందు, ఇస్త్రీ చొక్కాలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మనసులో కొట్టుకి బోర్డు కూడా రాయించేసి ఉంటాడు.

రెతామా కొండ మీద ఒట్టి హాజరు చెల్లదు. తెచ్చిన పనిముట్టు ఎత్తి చూపించి మరీ పలకాలి. తొలి ఏడాది మగాళ్ళు చేతులూపుకుంటూ వచ్చి, పేరు చెప్పేసి జారుకుంటుంటే దోన్ ఎలీసియో పెట్టిన పద్ధతి అది. అప్పటికే విదల్ రావడం మానేశాడు.

"పన్నెండు, తెయోఫిలో రమోస్."

"హాజరు, పారతో!"

"పదమూడు, అదేలా సూల్కా."

"హాజరు, గునపంతో!" అదేలా విధవరాలు. అందుకే ఆమె పేరు ఆమెదే.

"పద్నాలుగు, విదల్ పోమా."

అలవాటుకొద్దీ ముఖాలన్నీ కుండలవైపు తిరిగాయి. సబీనా కూర కలుపుతోంది. విదల్ ముందు వరసలో చిన్నగా నవ్వుతూ, కనబడుతూనే ఉన్నాను కదా అన్నట్టు నిలబడ్డాడు.

"విదల్ పోమా," అన్నాడు రెండోసారి దోన్ ఎలీసియో.

"పలకవే విదలూ, నిద్రపోతున్నావా?" మారుహా మోచేత్తో పొడిచింది. సబీనా గొంతులో ఆ మాట దానంతటదే లేచింది. పదకొండేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? నాలిక చివరి దాకా వచ్చింది. పళ్ళు బిగించింది. ఆవిరికో మరి దేనికో కళ్ళు మండాయి. ధైర్యమేమీ అనిపించలేదు, మట్టి పడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"విదల్ పోమా, మూడోసారి."

అప్పుడు తట్టింది విదల్‌కి. "ఇదిగో, ఉన్నాగా! హాజరు, హాజరు!"

"దేంతో?" అన్నాడు దోన్ ఎలీసియో, తలెత్తకుండానే.

"దేంతో ఏంటి?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. విదల్ చుట్టూ చూశాడు. అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంది. అతను చేతులు ముందుకు తెచ్చుకుని, వాటిని దాచుకోవడానికి చోటు దొరక్క జేబుల్లో పెట్టుకున్నాడు.

"పదకొండేళ్ళుగా ఒక్క ఆదివారం మానలేదండీ నేను! పుస్తకం చూడండి, మీ చేత్తో రాసిందే!"

దోన్ ఎలీసియో పుస్తకంలోకి చూశాడు. పేజీ మీద పడిన తుంపర చేత్తో అద్దాడు.

"చూశానయ్యా. పదకొండేళ్ళు వచ్చినవాడికి దేంతో రావాలో తెలిసుండాలి."

విదల్ మొహం కందగడ్డలా అయింది. "సబీనా! బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డావేం? చెప్పు వీళ్ళకి!"

"నేనేం చెప్పను? ఆ పుస్తకంలో నేనెప్పుడూ లేను," అంది సబీనా.

పెన్ను కదిలింది. పద్నాలుగో స్థలానికి గైర్హాజరు పడింది, కింద ఖాళీ అని రాశాడాయన. మారుహా ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "నీకేమైనా మతిపోయిందా? ఇల్లే! నీ ఇల్లే పోగొట్టుకున్నావే!" అంది ఏడుపు గొంతుతో. ఆ మాట నిజమే. గోడల్లో ప్రతి ఇటుకా ఆమె మోసిందే. వంటింటి కిటికీ పోయింది, దాని కింద ఉల్లికాడల డబ్బా పోయింది, ఇక ఎవరెవరి వంట పొగ అక్కడ లేస్తుందో.

విదల్ గుంపుని తోసుకుంటూ ఆమె పక్కకొచ్చాడు. "ఇంటికి రా, నీ పని చెప్తా."

"ఏ ఇంటికి?"

అతను వెనక్కి తిరిగాడు. మంచులో మెట్లు దిగుతున్న తెల్లచొక్కా కాసేపు కనబడింది. మిగతా పేర్లు ఒక్కొక్కటే చదివారు. చాలామంది ఆడవాళ్ళు ఆ రోజు మొగుళ్ళ పేర్లకి పలుకుతూ గొంతు తగ్గించారు. పలకడం మాత్రం మానలేదు. సబీనా వాళ్ళని ఏమీ అనుకోలేదు.

"కొత్త పేర్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు దోన్ ఎలీసియో చివర్న.

ఆమె గరిటెలు బల్ల మీద పెట్టి, బకెట్ తీసుకుని ముందుకు నడిచింది. ఎవరూ నవ్వలేదు.

"సబీనా ఆల్కా," అంది. తన పేరు తనకే కొత్త చొక్కాలా గరుగ్గా తగిలింది. బకెట్ పైకెత్తింది. "హాజరు, బకెట్‌తో."

ఆయన రాశాడు, గుండ్రంగా, ఒత్తి ఒత్తి. కళ్ళజోడు పైనుంచి ఆమెను చూడలేక కాయితం మీదే చూపు నిలిపి, మెల్లగా అడిగాడు.

"చోటెక్కడ రాయమంటావమ్మా?"

సబీనా రెండొందల పద్నాలుగో మెట్టుకి పైన, మంచులో కనబడని ఇసకకేసి చూసింది.

"మెట్లు ఇంకా లేని చోట రాయండి."