నీలం ముక్కల నడక

ఆడవాళ్ళ హాల్లో తీసిన పెళ్ళి వీడియో మగవాళ్ళ కంట పడకూడదు. అరబ్బు తీరపు సూర్‌ ఊళ్ళో అది ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేని సంగతి. ఫోన్లు గుమ్మం దగ్గరే తీసేసుకుంటారు. కెమెరా పట్టేదీ ఆడదే, తర్వాత కూర్చుని ఎడిటింగ్ చేసేదీ ఆడదే. ముహ్రా పిన్ని స్టూడియోలో ఆ ఎడిటింగ్ పని జువైనాది. చేపల పడవ మీద బతికిన ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. ఇచ్చిన పని తప్పు లేకుండా చేయాలన్న పట్టుదల ఆమెకు కాస్త ఎక్కువే.

పెళ్ళికూతురు రాయా మాత్రం చుట్టాలందరికీ పంపుకునేలా ఓ చిన్న సినిమా కావాలంది. మొహాలు తెలియకూడదు, మనుషులు మాత్రం ఉండాలి. స్టూడియోలో కొత్తగా కొన్న ఎఫెక్ట్ ఒకటుంది. దృశ్యాన్నంతా త్రిభుజాలుగా ముక్కలు చేస్తుంది. ముక్కల సైజు పెంచుతూ పోతే కన్నూ ముక్కూ కలిసిపోయి మొహం మూడు నాలుగు రంగు చెక్కలవుతుంది. జువైనా దాన్నే ఎంచుకుంది.

రాయా ఇంకో మాట కూడా అడిగింది, గొంతు తగ్గించి. "మా అక్క కూడా ఉండాలి జువైనా. మొహం లేకపోయినా ఫర్వాలేదు."

అక్క షినూనాకి మొగుడు పోయాడు. నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడువు ఇంకా తీరలేదు. తీరేదాకా గడప దాటకూడదు, రంగు బట్ట కట్టకూడదు. అయినా చెల్లెలి పెళ్ళికి వంటిళ్ళ వైపు తలుపులోంచి వచ్చింది, ఎవరిదో ఆకుపచ్చ పరికిణీ కట్టుకుని. హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, చెల్లెలి తల మీద చెయ్యి వేసి, మళ్ళీ అదే తలుపులోంచి వెళ్ళిపోయింది. ముసలివాళ్ళలాగే మొహానికి నల్ల ముసుగు వేసుకుని వాళ్ళ గుంపులో కలిసిపోయింది, అంతా పెళ్ళికూతురినే చూస్తున్నారు. ఆమెను పట్టించుకున్నవాళ్ళు లేరు.

జువైనా తన తెలివినంతా ఆ కాసేపటి మీదే పెట్టింది. ఆమె మీది ముక్కల్ని అందరివాటికన్నా పెద్దవి చేసింది. ఆకుపచ్చను నీలంగా మార్చింది. పాట తాళానికి అడుగులు కుదిరేదాకా ఆ నడకను ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చూసింది. సినిమా పంపేసి, మాట నిలబెట్టుకున్నానని హాయిగా నిద్రపోయింది.

మర్నాడు ముహ్రా పిన్ని కాఫీ తాగుతూ ఆ సినిమా పెట్టింది. ఆ త్రిభుజాల్ని చూసి నవ్వుతూ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఆ బాతు నడక దర్జీ సలీమాది, ఆ ఊగుడు మా ఆడపడుచుది, ఈ ఉరుకు ఎవరిదో నన్నడుగుతావా అని. జువైనా కూడా నవ్వుతూనే ఉంది. నీలం ముక్కలు వచ్చాయి. పిన్ని కప్పు కింద పెట్టింది.

"మొహం దాచావు సరే. మన ఊళ్ళో ఆడదాన్ని మొహం చూసి గుర్తుపట్టేదెవరే పిచ్చిదానా? వీధిలో అందరం నల్లబట్టలోనేగా తిరిగేది. ఒకళ్ళనొకళ్ళం నడకని బట్టే పిలుచుకుంటాం."

పుట్టి పెరిగిన ఊరు. ఆ సంగతి తనకు తెలియనిదేమీ కాదు. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు. రాయాకి ఫోన్ చేస్తే ఏడుపే వినిపించింది. సినిమా షినూనా అత్తవారింటికి చేరిపోయింది. మా అన్న ఇద్దత్‌నే ఓర్చుకోలేని మనిషికి ఈ ఇంట్లో చోటెందుకు, పుట్టింటికి పంపేద్దాం, ఆమె పాపను మాత్రం మనం ఉంచుకుందాం అంటున్నాడట షినూనా మరిది. అతని తల్లి ఘాలియా ఇంకా ఏదీ తేల్చలేదట. సాయంత్రం ఆ ఘాలియా దగ్గరి నుంచే జువైనాకి కబురొచ్చింది.

ఘాలియా చాప మీద కూర్చుని ఉంది. తెర అవతల షినూనా ఉన్నట్టు పాప మాటల వల్ల తెలుస్తోంది. ఘాలియా హల్వా పళ్ళెం జరిపి, కాఫీ పోసి, తాపీగా అడిగింది.

"కాలేజీలో చదువుకున్నదానివి. అబద్ధం చెప్పవని మీ నాన్న అందరికీ చెప్పుకుంటాడు. ఆ నీలం ముక్కలెవరమ్మా?"

తెర వెనక పాప మాటలు ఆగిపోయాయి.

"నేనే పెద్దమ్మా. కెమెరా ముహ్రా పిన్ని పట్టింది. నేను ఊరికే అలా ఓసారి నడిచాను."

"నువ్వా." ఘాలియా ఆమె పాదాలకేసి చూసింది. "అయితే లేచి నడువు."

జువైనా లేచింది. కుడి భుజం కొద్దిగా ముందుకు, ఎడమ పాదం నీళ్ళలోంచి తీసి వేస్తున్నట్టు ఒక క్షణం ఆలస్యంగా. తాళం కుదరడం కోసం ఎన్నిసార్లు చూసిందో ఆ అడుగుల్ని. గోడదాకా వెళ్ళి తిరిగి వచ్చింది. నడక ఎక్కడా తప్పలేదు.

ఘాలియా కళ్ళు తుడుచుకుందో, ముసుగు సర్దుకుందో తెలియలేదు. "నా కోడలు అచ్చం ఇలాగే నడుస్తుంది," అంది. "నా కొడుకు దాన్ని వెక్కిరించేవాడు." తర్వాత గొంతు గట్టిపడింది. "మావాడికి నేను చెబుతాలే. కానీ అమ్మాయ్, ఇకమీదట ఈ వీధిలోకి ఎప్పుడొచ్చినా ఇలాగే నడవాలి. మర్చిపోకు."

బయటికొచ్చాక కూడా జువైనా అలాగే నడిచింది. నాలుగిళ్ళు దాటిందో లేదో, వెనక అరుగు మీంచి ఎవరో కేకేశారు. "షినూనా! ఇద్దత్‌లో ఉండి వీధిలోకొచ్చావేమే, సిగ్గు లేదూ?"

జువైనా ఆగి, తిరిగి, మొహం చూపించింది.

"అయ్యో, నువ్వా," అంది ఆవిడ నాలిక్కరుచుకుని. "అయితే సినిమాలో ఉన్నదీ నువ్వేనన్నమాట. పొద్దుట్నించీ ఆ పిల్లని ఎన్ని మాటలన్నామో. పెళ్ళికాని పిల్లవి, చుట్టాలందరూ చూసేదాంట్లో ఆ ఊగుతూ నడవడం ఏంటే నువ్వు మాత్రం?"

జువైనా తలొంచుకుని మళ్ళీ నడిచింది. వీధి మలుపు తిరిగాక ఆగింది. ఇక్కణ్ణించి తన నడక నడవచ్చు. తను ఏ పాదం ముందు వేసేదో, భుజం ఎలా ఉంచుకునేదో వెంటనే గుర్తు రాలేదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.