చింతపండు ఎరగని రూపాయి

నేను ఒక వెండి రూపాయిని. నల్లగా ఉన్నానని తీసిపారెయ్యకండి నాయనా, నాకింత ధర తెచ్చిపెట్టింది ఈ నలుపే. అది తర్వాత చెబుతాను, ముందు మా అక్క భోగం వినండి.

అక్కా నేనూ ఒకే టంకశాలలో ఒకే పూట పుట్టాం. ఇద్దరికీ అదే రాజు ముఖం. చీరాలలో తిరుపాలమ్మ పెళ్లినాడు వాళ్ల నాన్న మమ్మల్ని ఆమె కొంగున ముడివేసి అత్తవారింటికి పంపాడు. దేవుడి గూట్లో పెడదామని ఆమె ముడి విప్పగానే నేను జారి, దొర్లుకుంటూ పోయి మామగారి మగ్గం గుంటలో పడ్డాను. ఎంత వెతికారో! మట్టి పగుల్లోకి దిగిపోయిన నేను ఎవరికి కనబడతాను? గూట్లో అక్క ఒక్కతే కూర్చుంది.

శుక్రవారం వస్తే దానికి చింతపండుతో స్నానం, పసుపు, కుంకుమ. పిల్లలెవరైనా పడి నుదురు బొప్పి కట్టిందా, "రూపాయి తేండే!" అని కేక. చల్లని అక్కను ఆ బొప్పి మీద అదిమితే ఏడుపు ఆగిపోయేది. నాకేమో దారపు పోగులు, బొద్దింకలు, నెత్తిమీద మగ్గం తొక్కే కాళ్లు. కడుపు మండి, దాని ముఖం అరిగిపోవాలని శపించాను కూడా.

ఒక ఏడు తుఫాను నీళ్లు గుంటలోకొచ్చి మగ్గం పాడయింది. కొత్తది బిగించడానికి చేతిలో డబ్బు లేదు. గుంటలో బురద ఎత్తిపోస్తుంటే కోడలు వెంకటరత్నానికి నేను దొరికాను.

"అత్తా, నీ రెండో రూపాయే!"

ముసలి తిరుపాలమ్మ నన్ను చెంపకు ఆనించుకుంది. ఒక్కసారే. కోడలు పాత నాణేలు కొనే ఆయన్ని పిలుచుకొచ్చేసరికి అత్త నన్ను తోమడానికి చింతపండు నానబెట్టుకుని కూర్చుంది.

"తోమకమ్మా, నీకు దణ్ణం పెడతా! ధరంతా ఆ నలుపులోనే ఉంది. దీనిమీదున్న సంవత్సరం బిళ్లలు చాలావరకు కరిగించేశారు" అన్నాడాయన. నాకు మగ్గం ఖరీదు పైమాటే చెప్పాడు. అక్కను తిప్పి చూసి నవ్వాడు. "రాజుగారి ముక్కేదమ్మా? తోమి తోమి నున్నగా చేశారు. వెండి ధర ఇస్తా, రెండూ ఇచ్చెయ్."

నా శాపం తగిలిందని పొంగిపోయాను.

"ఆ నల్లదాన్ని తీసుకుపో నాయనా, మా మగ్గం నిలబడుద్ది. ఇది మాత్రం ఇయ్యను. మా పిల్లలందరి నుదుళ్లూ ఎరిగింది" అంది తిరుపాలమ్మ, అక్కను బొడ్లో దోపుకుంటూ.

ఇప్పుడు హైదరాబాదులో ఒక పెద్దమనిషి ఇంట్లో గాజుపెట్టెలో ఉన్నాను. వచ్చినవాళ్లు నా ధర విని నోరు తెరుస్తారు. వేలు తగిలితే విలువ పోతుందట, ఎవరూ ముట్టుకోరు. మొన్న ఆయన మనవరాలికి నా బల్లే తగిలి నుదురు బొప్పి కట్టింది. జానెడు దూరంలో చల్లగా నేను ఉన్నానా, ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్క తెచ్చి అదిమారు. ఆ పిల్ల నుదుటి మీదే కరిగి నీళ్లయిపోయింది ఆ ఐసు. ఇప్పుడు ఆ ఐసుముక్క మీదా నాకు కుళ్లే.